పేటెంటు వివాదం దిగుమతిదారు గడప తొక్కితే: బరంపురం ఎలక్ట్రానిక్స్ వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం గేట్ బజారులోనూ పెద్ద బజారు సందుల్లోనూ ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఇన్వర్టర్ బోర్డులు, బ్లూటూత్ మాడ్యూళ్లు, సీసీ కెమెరాల విడిభాగాలు అమ్మే తెలుగు వ్యాపారులు ఒకప్పుడు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో కోల్‌కతా చాందినీ చౌక్ నుంచో సరుకు తెచ్చుకునేవారు. ఇప్పుడు వారిలో కొందరు షెన్‌జెన్ నుంచి నేరుగా తెప్పించుకుంటున్నారు. బరువైన సరుకు కంటైనర్లో విశాఖ రేవుకు చేరి, జాతీయ రహదారి మీదుగా ఇచ్ఛాపురం దాటి వస్తుంది. తేలికైన చిప్పుల రీళ్లు చెన్నైకో కోల్‌కతాకో విమానంలో దిగుతాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం దుకాణాలకు ఇక్కడి నుంచే సరఫరా జరుగుతుంది.

పేటెంటు హక్కుదారు ఎవరో ఢిల్లీలో దావా వేసినప్పుడు, లేదా అమెరికాలో ఒక విచారణ మొదలైనప్పుడు, దాని దెబ్బ గంజాం జిల్లాలోని చిన్న గోదాము దాకా ఎలా వస్తుందో, రాకముందు ఏం చేసిపెట్టుకోవాలో, వచ్చాక ఏం చేయాలో ఇందులో వరుసగా రాస్తున్నాను. దిగుమతి కాగితాల పనిలో ఉన్నవాడిగా నేను గమనించింది ఇది: చిన్న దిగుమతిదారు కేసు ఓడిపోయి చితికిపోవడం అరుదు. కేసు తేలకముందే సరుకు ఆగిపోయి, ఆ సమయంలో చూపించవలసిన కాగితం చేతిలో లేక చితికిపోవడమే ఎక్కువ.

ఒక అపోహను ముందే తీసేయాలి. కస్టమ్స్ సుంకం కట్టాం, పవర్ అడాప్టర్లకూ ఎల్‌ఈడీ డ్రైవర్లకూ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉంది, బ్లూటూత్ మాడ్యూలుకు ఈటీఏ ఉంది, ఇంక మమ్మల్ని ఎవరడుగుతారు అని చాలామంది అనుకుంటారు. బీఐఎస్ చూసేది భద్రతా ప్రమాణాలను. ఈటీఏ చూసేది రేడియో తరంగాల సంగతిని. ఆ వస్తువులోని సాంకేతికత ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఈ రెండింటిలో దేనికీ సంబంధించింది కాదు. అన్ని అనుమతులూ సక్రమంగా ఉన్న సరుకు కూడా పేటెంటు ఉల్లంఘన కింద ఆగిపోవచ్చు.

మొదటి మెట్టు: దిగుమతిదారు ఎవరో కాగితం మీద తేల్చుకోండి

మన వైపు ఒక అలవాటు ఉంది. ఒకరికి ఐఈసీ (దిగుమతి, ఎగుమతులకు కావలసిన కోడ్ నంబరు) ఉంటుంది. నలుగురు కలిసి ఆ ఒక్కరి పేరు మీద కంటైనర్ తెప్పించుకుని, సరుకు దిగాక ఎవరి వాటా వారు పంచుకుంటారు. బంధుత్వాల మీద, నమ్మకం మీద నడిచే ఈ ఏర్పాటు మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. పేటెంటు వివాదం వచ్చిన రోజున మాత్రం బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రంలో) ఎవరి పేరు ఉందో వారే మొదటి ప్రతివాది అవుతారు. ఆ పెట్టెల్లో ఉన్న బ్లూటూత్ మాడ్యూళ్లు తోడల్లుడివి, నావి కేవలం స్విచ్చులు అని చెప్పుకోవడానికి రాతపూర్వకమైన ఆధారం ఉండదు. కస్టమ్స్ చట్టం 2(26) సెక్షన్ దిగుమతిదారు అన్న మాటలో సరుకు యజమానితోపాటు, దాని వెనక ఉన్న అసలు లబ్ధిదారునూ, దిగుమతిదారుగా తన్ను తాను చెప్పుకున్నవారినీ చేర్చింది. కాబట్టి వెనక ఉన్నవారూ పూర్తిగా తప్పించుకోలేరు, ముందు నిలబడ్డవారు అసలే తప్పించుకోలేరు.

పంపకం తప్పనిసరి అయితే కనీసం ఇంత చేయండి. ప్రతి కంటైనరుకూ ఒక ఒప్పంద పత్రం రాసుకుని, ఏ పార్ట్ నంబరు సరుకు ఎవరి ఆర్డరో, దాని డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో, వివాదం వస్తే ఖర్చు ఎవరిదో అందులో తేల్చండి. బరంపురంలో ఒక దుకాణం, ఇచ్ఛాపురంలో తమ్ముడి పేరున మరో దుకాణం ఉన్నవారికి ఈ పని మరీ ముఖ్యం. రెండు రాష్ట్రాల జీఎస్‌టీ నంబర్లు వేరు, పుస్తకాలు వేరు, సరుకు మాత్రం ఒకటే. లెక్క తెలుగులో, అద్దె కాగితం ఒడియాలో, ఇన్వాయిస్ ఇంగ్లీషులో ఉండే మన దస్త్రాలను చూసి, బయటినుంచి వచ్చిన వకీలు తల పట్టుకోవడం నేను చూశాను.

రెండో మెట్టు: దిగుమతి గురించి చట్టం ఏమంటోందో తెలుసుకోండి

1970 నాటి పేటెంట్ల చట్టంలోని 48వ సెక్షన్ ప్రకారం, పేటెంటు పొందిన వస్తువును మన దేశంలో తయారు చేయడం, వాడడం, అమ్మడం, అమ్మకానికి పెట్టడం ఎలా నిషిద్ధమో, ఆ పనుల కోసం దిగుమతి చేయడమూ అలాగే నిషిద్ధం. అంటే సరుకు అమ్ముడుపోకపోయినా, గోదాములోనే మూలుగుతున్నా, దిగుమతి ఒక్కటే ఉల్లంఘన కావచ్చు. పేటెంటు ఎవరికి ఏ దేశంలో ఉందో ఆ దేశంలోనే చెల్లుతుంది కనుక, చైనాలోనో అమెరికాలోనో మాత్రమే పేటెంటు ఉండి భారతదేశంలో లేకపోతే, ఇక్కడి దిగుమతిని దాని పేరు చెప్పి ఆపలేరు.

దిగుమతిదారుకు అండగా నిలిచే సెక్షన్లు రెండున్నాయి. 107ఏ(బి) ప్రకారం, చట్టబద్ధంగా తయారు చేసి అమ్మడానికి లేదా పంపిణీ చేయడానికి అధికారం ఉన్నవారి దగ్గర నుంచి పేటెంటు వస్తువును దిగుమతి చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. 111వ సెక్షన్ ప్రకారం, పేటెంటు ఉన్నట్టు తనకు తెలియదనీ, ఉందని నమ్మడానికి తగిన ఆధారమేదీ తన ముందు లేదనీ ప్రతివాది రుజువు చేస్తే, నష్టపరిహారం నుంచీ లాభాల లెక్క అప్పగించడం నుంచీ తప్పించుకోవచ్చు. వస్తువు మీద పేటెంటు అన్న ముద్ర ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదు, నంబరు కూడా ఉండాలని చట్టమే చెబుతోంది. అయితే ఈ రక్షణ డబ్బు వరకే. దిగుమతినీ అమ్మకాన్నీ ఆపే ఇంజంక్షన్‌ను అది అడ్డుకోదు. నోటీసు చేతికందిన రోజు నుంచి తెలియదన్న మాట కూడా చెల్లదు.

కస్టమ్స్ పాత్ర గురించి పాత సమాచారమే ఇంకా చలామణీలో ఉంది. 2007 మే 8న వచ్చిన మేధాసంపత్తి హక్కుల (దిగుమతి సరుకుల) అమలు నియమాల్లో మొదట పేటెంట్లు కూడా ఉండేవి. హక్కుదారు కస్టమ్స్ దగ్గర నమోదు చేయించుకుంటే, అధికారులే సరుకు ఆపగలిగేవారు. రెండు సిమ్ముల ఫోన్లపై పేటెంటు పొందిన ఒక వ్యక్తి ఫిర్యాదుతో 2009 ప్రాంతంలో పలు సంస్థల దిగుమతులు రేవుల్లో చిక్కుకున్నాయి. ఆ పేటెంటు 2012లో రద్దయింది. ఒక చిప్పులో ఏ సర్క్యూట్ ఎవరి క్లెయిము (పేటెంటులో హక్కు హద్దును చెప్పే వాక్యం) కిందకు వస్తుందో రేవులోని అధికారి కంటితో చూసి చెప్పగలిగే విషయం కాదని, ఆ నిర్ణయం కోర్టులదేనని 2012లో ఢిల్లీ హైకోర్టు ఒక ఎల్‌జీ కేసులో స్పష్టం చేసింది. చివరికి 2018 జూన్ 22న కేంద్రం ఆ నియమాల నుంచి పేటెంట్లను తీసేసింది. ఇప్పుడు పేటెంటు పేరుతో సరుకు ఆపాలంటే హక్కుదారు కోర్టు ఉత్తర్వు తేవాలి. ట్రేడ్‌మార్కులు మాత్రం ఆ నియమాల్లో అలాగే ఉన్నాయి. చిప్పు మీద పేరున్న కంపెనీ గుర్తు నకిలీగా ముద్రించి ఉంటే, పేటెంటు మాట ఎత్తకుండానే కస్టమ్స్ ఆపేస్తుంది. చౌకగా వచ్చిన ‘బ్రాండెడ్’ ఐసీలు (చిప్పులు) తెప్పించేవారు దీన్ని వేరే ప్రమాదంగా లెక్కపెట్టుకోవాలి.

మూడో మెట్టు: సరుకును పార్ట్ నంబర్ల వారీగా విడదీసి వెతకండి

మన ప్యాకింగ్ లిస్టుల్లో ‘ఎలక్ట్రానిక్ పార్ట్స్, 40 కార్టన్లు’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. దానితో ఏ వెతుకులాటా సాగదు. ప్రతి వస్తువుకూ తయారీదారు పేరు, పూర్తి పార్ట్ నంబరు, డేటాషీట్, హెచ్‌ఎస్ శీర్షిక (కస్టమ్స్ వర్గీకరణ నంబరు) ఒక పట్టికలో ఉండాలి. ఐసీలు 8542లోకి, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఎల్‌ఈడీలు 8541లోకి, విద్యుత్ సరఫరా యూనిట్లు 8504లోకి, సమాచార మాడ్యూళ్లు ఎక్కువగా 8517లోకి వస్తాయి.

అన్నిటినీ సమానంగా వెతకవలసిన పని లేదు. రెసిస్టర్లు, మామూలు కెపాసిటర్లు, కనెక్టర్ల మీద మీ సమయం పెట్టకండి. బ్లూటూత్, వైఫై, 4జీ వంటి ప్రమాణాలను పాటించే మాడ్యూళ్లు, ఆడియో వీడియో డీకోడింగ్ చిప్పులు, వేగంగా చార్జి చేసే సర్క్యూట్లు, ఎల్‌ఈడీ డ్రైవర్ ఐసీలు, ఇవే వివాదాలకు నెలవులు. ముఖ్యంగా ప్రమాణాలకు తప్పనిసరైన పేటెంట్లు ఉన్నచోట, ఆ ప్రమాణాన్ని పాటించే వస్తువేదైనా ఆ పేటెంట్లను వాడక తప్పదు.

భారతీయ పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్ అనే వెతుకు సదుపాయం ఉచితం. కంపెనీ పేరుతో, మాటలతో, అంతర్జాతీయ వర్గీకరణ సంకేతంతో వెతకవచ్చు. దొరికిన పేటెంటులో సారాంశం చదివి భయపడడమో ఊరట చెందడమో చేయకండి. హక్కు ఎంతవరకో చెప్పేది చివరన ఉండే క్లెయిములు మాత్రమే. క్లెయిములో ఐదు అంశాలుంటే, మీ వస్తువులో ఆ ఐదూ ఉన్నాయా అన్నదే ప్రశ్న. క్లెయిము చిప్పు గురించా, చిప్పుతో తయారైన మొత్తం పరికరం గురించా అన్నదీ చూడండి. పరోక్ష ఉల్లంఘన గురించి మన చట్టంలో ప్రత్యేక సెక్షన్ లేదు కనుక, విడిభాగం మాత్రమే తెచ్చేవారికి ఈ తేడా వాదనకు పనికొస్తుంది. కానీ ఆ విడిభాగాలతో ఇక్కడ బోర్డులు బిగించి అమ్మేవారికి అది చాలా వరకు ఎగిరిపోతుంది.

తరువాత పేటెంటు ప్రాణంతో ఉందో లేదో చూడండి. దాని గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మూడో సంవత్సరం నుంచి ఏటా రుసుము కట్టకపోతే అది చచ్చిపోతుంది. అయితే 18 నెలల్లోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకునే వీలుంది కాబట్టి, నిన్న లాప్స్ అయిందని ఇవాళ పెద్ద ఆర్డరు పెట్టేయకండి. ఇంకా మంజూరు కాని దరఖాస్తు మీద దావా వేయలేరు. మంజూరయ్యాక మాత్రం ప్రచురణ తేదీ నుంచి జరిగిన దానికి నష్టపరిహారం అడగగలరు.

నాలుగో మెట్టు: సరఫరాదారు నుంచి రాబట్టవలసిన కాగితాలు

నా దృష్టిలో పని అంతా ఇక్కడే ఉంది, కాబట్టి దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

2014 డిసెంబరు 8న టెలికాం కంపెనీ ఎరిక్సన్ వేసిన పేటెంటు దావాలో ఢిల్లీ హైకోర్టు షావోమీ ఫోన్ల దిగుమతినీ అమ్మకాన్నీ ఆపింది. ఎనిమిది రోజుల తరువాత, అదే నెల 16న, అదే కోర్టులోని డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల ధర్మాసనం) క్వాల్‌కామ్ చిప్పులున్న ఫోన్లకు మాత్రం తాత్కాలికంగా అనుమతి ఇచ్చి, ఒక్కో ఫోనుకు ₹100 కోర్టులో జమ చేయమంది. క్వాల్‌కామ్‌కు ఎరిక్సన్ లైసెన్సు ఉందన్న వాదన ఆధారంగా వచ్చిన వెసులుబాటు అది. పైకి చూస్తే రెండు ఫోన్లూ ఒకటే, పెట్టె ఒకటే, లోపలి చిప్పు వెనక కాగితం వేరు. దానికి విరుద్ధమైన ఉదాహరణ డీవీడీ ప్లేయర్ల కేసు. విడిభాగాలు దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించి అమ్మిన చిన్న సంస్థల మీద ఫిలిప్స్ దావా వేసింది. లైసెన్సు ఉన్నవారి దగ్గరే భాగాలు కొన్నామని వాదించినవారు దాన్ని రుజువు చేయలేకపోయారు. 2018 జూలై 12న వెలువడిన ఆ తీర్పు మన దేశంలో ప్రమాణాలకు తప్పనిసరైన పేటెంట్ల మీద పూర్తి విచారణ తరువాత వచ్చిన తొలి తీర్పుగా పేరుపడింది. మన బజారులోని వ్యాపారుల పరిస్థితి షావోమీ కన్నా ఆ డీవీడీ సంస్థల పరిస్థితికే దగ్గర.

కాబట్టి ప్రొఫార్మా ఇన్వాయిస్ మీద సంతకం పెట్టకముందే ఇవి అడగండి. చిప్పు తయారీదారు నుంచి మీ సరఫరాదారు దాకా అమ్మకపు గొలుసును చూపే ఇన్వాయిస్‌లు లేదా అధీకృత పంపిణీదారు పత్రం. సంబంధిత పేటెంట్లకు చిప్పు తయారీదారుకు లైసెన్సు ఉందన్న రాతపూర్వక ప్రకటన, అది చిప్పు స్థాయిలో వర్తిస్తుందా, పూర్తి పరికరం స్థాయిలో వేరే లైసెన్సు కావాలా అన్న వివరంతో సహా. భారతదేశంలో పేటెంటు దావా వస్తే వకీలు ఖర్చులు, పరిహారం, ఆగిన సరుకు విలువ తాను భరిస్తానన్న హామీ నిబంధన. మూడోదాన్ని చైనా సరఫరాదారులు సులువుగా ఇవ్వరు. ఇచ్చినా అక్కడికి వెళ్లి అమలు చేయించడం మనలాంటివారికి తలకు మించిన పని. అందుకే నేను అందరికీ చెప్పేది, చివరి వాయిదాలో కొంత శాతాన్ని సరుకు దిగిన కొన్ని వారాల తరువాత చెల్లించేలా రాయించుకోమని. హామీ పత్రం కన్నా చేతిలో ఉన్న డబ్బుకే వారు త్వరగా జవాబిస్తారు.

పత్రం రాగానే దాన్ని అక్షరం అక్షరం చదవాలి. ఒకసారి రెండు కార్టన్ల బ్లూటూత్ మాడ్యూళ్ల తాలూకు కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. పంపిణీదారు పత్రం రంగు ముద్రతో, సంతకంతో ముచ్చటగా ఉంది. సరుకు యజమాని పెట్టెలోంచి ఒక రీలు తెచ్చి పక్కన పెట్టాడు. రీలు మీది చీటీలో పార్ట్ నంబరు చివర ‘బి’ అక్షరం ఉంది, పత్రంలో లేదు. డేటాషీట్ తెరిచి చూస్తే ‘బి’ రకంలో వాడింది వేరే కంపెనీ చిప్పు. అంటే ఆ పత్రం నిజమే, కానీ ఈ సరుకుకు సంబంధించింది కాదు. సరఫరాదారుకు ఫొటో పంపితే, ‘అంతా ఒకటే, బాగా పనిచేస్తుంది’ అని జవాబు వచ్చింది. పనిచేయడం గురించి ఎవరూ అడగలేదు. ఆ యజమాని ఆ రెండు కార్టన్లనూ విడిగా పెట్టి, సరైన పత్రం వచ్చేదాకా అమ్మలేదు. పత్రం రావడానికి నెలన్నర పట్టింది, కానీ వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి లోడు దిగగానే రీళ్ల చీటీలను ఫొటో తీసి, తేదీతో, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరుతో కలిపి దాచమని చెబుతున్నాను. సగం అమ్ముడుపోయాక చీటీలు చెత్తలో పడిపోతాయి, తరువాత దేనికి ఏ పత్రమో చెప్పగలిగేవారు ఉండరు.

ఐదో మెట్టు: నోటీసు వస్తే మొదటి వారం

హక్కుదారు వకీలు నుంచి నోటీసు వచ్చిన రోజున చేయకూడని పనులే ఎక్కువ. కోపంతో ఫోను చేయకండి. ‘ఇకపై తెప్పించం, క్షమించండి’ అని ఈమెయిలు రాయకండి. అది ఒప్పుకోలుగా కోర్టులో తిరిగి కనిపిస్తుంది. సరుకును రాత్రికి రాత్రి బావమరిది గోదాముకు తరలించకండి, పాత ఇన్వాయిస్‌లు చింపకండి. సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ‘ఆ డూప్లికేట్ మాల్’ అన్న మాట కనిపించినా చాలు, వాదన బలహీనపడుతుంది. మన బజారులో డూప్లికేట్ అంటే చౌక రకం అని అర్థం. ఢిల్లీ కోర్టులో ఆ అర్థం చెల్లదు.

నోటీసులో పేటెంటు నంబరు, ఏ క్లెయిము, మీ ఏ వస్తువు అన్న మూడూ ఉన్నాయో లేదో చూడండి. క్లెయిము అంశాలను వస్తువు భాగాలతో జత చేసే పట్టిక ఇచ్చి ఉంటే దాన్ని మీ డేటాషీట్‌తో పోల్చండి. ఇవ్వకపోతే మీ వకీలు ద్వారా అడగండి. ఆధారం లేని బెదిరింపు అని తేలితే 106వ సెక్షన్ కింద మీరే కోర్టుకు వెళ్లి, ఆ బెదిరింపులు ఆపించి, నష్టం కూడా అడగవచ్చు. ‘మాకు ఈ పేటెంటు ఉంది’ అని తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందకు రాదు. మీ వస్తువు ఉల్లంఘన కాదన్న నమ్మకం గట్టిగా ఉంటే, వివరాలన్నీ ఇచ్చి హక్కుదారు నుంచి రాతపూర్వక అంగీకారం కోరి, వారు నిరాకరిస్తే లేదా స్పందించకపోతే 105వ సెక్షన్ కింద ప్రకటన కోరే వీలుంది. చిన్న వ్యాపారులు ఈ దారి తొక్కడం అరుదు, ఖర్చు అలాంటిది.

అదే వారంలో సరఫరాదారుకు నోటీసు ప్రతి పంపి, హామీ నిబంధన కింద ఖర్చులు భరించమని రాతపూర్వకంగా కోరండి. దారిలో ఉన్న సరుకు జాబితా తీయండి. ఇంకా ఓడ ఎక్కని ఆర్డర్లను ఆపగలిగితే ఆపండి, ఎందుకంటే ఇకపై దిగే ప్రతి పెట్టె తెలిసి చేసిన దిగుమతే.

ఆరో మెట్టు: దావా, ఇంజంక్షన్, రేవులో ఆగిన సరుకు

పేటెంటు దావాను జిల్లా కోర్టు కన్నా కింది కోర్టులో వేయరాదు. ప్రతివాది ఉన్నచోట గానీ, ఉల్లంఘన జరిగినచోట గానీ వేయవచ్చు. మీ సరుకు ఆన్‌లైన్‌లో ఢిల్లీకి అమ్ముడైతే ఢిల్లీ హైకోర్టులో వేసే ప్రయత్నం చేస్తారు, సాధారణంగా అక్కడే వేస్తారు. కటక్‌లో హైకోర్టు ఉండగా మాకు ఢిల్లీ ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు మీ అమ్మకాల పుస్తకంలోనే ఉంటుంది. మీరు పేటెంటే చెల్లదని ఎదురు క్లెయిము వేస్తే, జిల్లా కోర్టులో ఉన్న కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది.

దావా వస్తుందన్న అనుమానం ఉంటే, సివిల్ ప్రక్రియా స్మృతి 148ఏ సెక్షన్ కింద కేవియట్ వేయండి. అది 90 రోజులు చెల్లుతుంది; మీకు తెలియకుండా ఏకపక్ష ఉత్తర్వు రాకుండా చాలావరకు కాపాడుతుంది. ఎక్కడ వేస్తారో ఊహించి ఆ కోర్టులోనే వేయాలి కాబట్టి ఇది కొంత అంచనా పనే. కేవియట్ లేకపోతే, కోర్టు నియమించిన లోకల్ కమిషనరు ముందుగా చెప్పకుండా గోదాముకు రావచ్చు. ఆయనను అడ్డుకోవడం కోర్టు ధిక్కారం. ఉత్తర్వు ప్రతి తీసుకుని చదవండి, అందులో ఉన్న వస్తువుల వరకే లెక్క తీయనివ్వండి, జాబితాలో తప్పులుంటే సంతకం పెట్టే చోటే అభ్యంతరం రాయండి.

సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. వాణిజ్య కోర్టుల చట్టం కింద కోర్టు అనుమతితో 120 రోజుల వరకు పొడిగింపు దొరుకుతుంది, ఆ పైన జవాబు వేసే హక్కే పోతుంది. చైనా నుంచి కాగితాలు తెప్పించి, వాటిని అనువదించి, నోటరీ చేయించేసరికి ఈ 120 రోజులు కళ్లముందే కరిగిపోతాయి. నాలుగో మెట్టులోని కాగితాలు ముందే తెచ్చుకోవాలన్నది ఇందుకే.

రేవులో సరుకు ఆగితే, ఆపమన్న ఉత్తర్వు ప్రతినీ, కస్టమ్స్ ఇచ్చిన లేఖనూ మీ కస్టమ్స్ బ్రోకరు ద్వారా అదే రోజు తీసుకోండి. అక్కడి నుంచి డబ్బు రెండు వైపులా కరుగుతుంది: టెర్మినల్‌కు కట్టే డెమరేజీ, కంటైనరు తిరిగి ఇవ్వనందుకు షిప్పింగ్ కంపెనీ వేసే డిటెన్షన్. అధికారులు స్వాధీనం చేసుకున్న లేదా ఆపిన సరుకు మీద అద్దె, డెమరేజీ వసూలు చేయరాదని 2009 నాటి కార్గో నిర్వహణ నిబంధనల్లో ఉంది. కోర్టు ఉత్తర్వు వల్ల ఆగినప్పుడు అది వర్తిస్తుందా అన్నది వాదులాట కాగలదు కనుక దాన్నే నమ్ముకుని కూర్చోకండి. కస్టమ్స్ చట్టం 49వ సెక్షన్ కింద, క్లియరెన్సు జాప్యమయ్యే సరుకును 30 రోజుల దాకా గిడ్డంగిలో ఉంచే అనుమతి అడగవచ్చు, పొడిగింపూ కోరవచ్చు. అలా పెట్టెలు గిడ్డంగిలోకి మార్చి ఖాళీ కంటైనరును తిప్పి ఇచ్చేస్తే డిటెన్షన్ మీటరు ఆగిపోతుంది. ఒకే కంటైనరులో వివాదం లేని సరుకూ ఉంటే, ఆ పార్ట్ నంబర్లను విడదీసి వదలమని కోరండి. ఇక్కడ మూడో మెట్టులోని పట్టిక ఉన్నవారు గట్టెక్కుతారు. ‘ఎలక్ట్రానిక్ పార్ట్స్, 40 కార్టన్లు’ అని రాసుకున్నవారికి నలభై కార్టన్లూ ఆగుతాయి.

ఏడో మెట్టు: అమెరికా విచారణ వార్త వచ్చినప్పుడు

అమెరికాలో 1930 నాటి టారిఫ్ చట్టంలోని 337వ సెక్షన్ కింద అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ దిగుమతులపై విచారణలు జరుపుతుంది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో విచారణ చేపట్టాలో లేదో నిర్ణయిస్తారు, ఏడాదిన్నర అటూ ఇటూగా తేల్చేస్తారు. అక్కడ పరిహారం ఉండదు. సరుకు దేశంలోకి రాకుండా ఆపే నిషేధ ఉత్తర్వే ఆయుధం. ఉత్తర్వు మీద అధ్యక్షుని సమీక్షకు 60 రోజుల గడువుంటుంది, ఆ రోజుల్లో బాండు కట్టి దిగుమతి కొనసాగించవచ్చు. ఆ తరువాత అమెరికా కస్టమ్స్ అమలు చేస్తుంది.

ఆ ఉత్తర్వు విశాఖలో చెల్లదు. అయినా మూడు దారుల్లో మనల్ని తాకుతుంది. మొదటిది, మీ సరఫరాదారు పేరు ప్రతివాదుల్లో ఉంటే అతని ఉత్పత్తి, ధర, చిప్పు రకం మారిపోవచ్చు. వివాదం తప్పించుకోవడానికి డిజైను మార్చి అదే పేరుతో పంపుతారు, అప్పుడు మీ బీఐఎస్ నివేదికలూ పాత పత్రాలూ కొత్త సరుకుకు సరిపోవు. రెండోది, అమెరికాలో ఆగిన సరుకు చౌక ధరకు మన వైపు మళ్లుతుంది. ఉన్నట్టుండి సగం ధరకు మాడ్యూళ్లు ఇస్తామన్న సందేశం వస్తే ఎందుకిస్తున్నారో ఆలోచించండి. మూడోది, మీరు బిగించిన బోర్డును కొన్న సంస్థ తన పరికరాన్ని అమెరికాకు ఎగుమతి చేస్తే, మీ దగ్గర నుంచి లైసెన్సు పత్రాలు అడుగుతుంది.

విడిభాగం వల్ల దాన్ని వాడిన పరికరాలు ఆగుతాయా అన్న ప్రశ్న కూడా అక్కడ తేలింది. 2007లో కమిషన్, బ్రాడ్‌కామ్ ఫిర్యాదు మీద, కొన్ని క్వాల్‌కామ్ చిప్పులున్న కొత్త ఫోన్లను ఆపింది, ఆ ఫోన్ల కంపెనీలు కేసులో ప్రతివాదులు కాకపోయినా. 2008లో అక్కడి పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు క్యోసెరా కేసులో, పేరు పెట్టిన ప్రతివాదులకే వర్తించే పరిమిత నిషేధ ఉత్తర్వును కేసులో లేనివారి వస్తువులకు విస్తరించరాదని చెప్పింది. ఎవరు తెచ్చినా సరుకును ఆపే సాధారణ (జనరల్) నిషేధ ఉత్తర్వుకు ఆ పరిమితి లేదు. కాబట్టి వార్త చదివినప్పుడు ఉత్తర్వు ఏ రకమో చూడండి; పరిమితమైతే ప్రతివాదుల జాబితాలో మీ సరఫరాదారు పేరు వెతకండి.

ఎనిమిదో మెట్టు: రాజీ, జమ, పుస్తకాల్లో లెక్క

ఇలాంటి కేసులు చాలావరకు రాజీలో ముగుస్తాయి. అప్పటిదాకా కోర్టు అమ్మకాలకు అనుమతి ఇస్తూ, ప్రతి వస్తువు మీద కొంత మొత్తాన్ని జమ చేయమనవచ్చు. 2024 మార్చిలో ఫోన్ల కంపెనీ లావా మీద ఎరిక్సన్‌కు ఢిల్లీ హైకోర్టు ₹244 కోట్ల పరిహారం ప్రకటించింది. మన బజారుకు ఆ అంకె దూరమే, కానీ లెక్క వేసే తీరు అదే: ఎన్ని ముక్కలు తెచ్చారు, ఎంతకు అమ్మారు. ఆ రెండు అంకెలూ బిల్ ఆఫ్ ఎంట్రీల నుంచీ జీఎస్‌టీ రిటర్నుల నుంచీ అవతలివారికి దొరుకుతాయి, కాబట్టి తగ్గించి చెప్పి ప్రయోజనం లేదు.

రాజీ పత్రంలో మూడు విషయాలు తప్పకుండా రాయించండి: గోదాములో ఇప్పటికే ఉన్న సరుకును అమ్ముకునే గడువు, మీ నుంచి కొన్న రాయగడ, పర్లాకిమిడి దుకాణాలమీద దావా వేయబోమన్న మాట, గతంలో తెచ్చిన సరుకు మీద పూర్తి విడుదల. చెల్లించిన మొత్తంలో సరఫరాదారు వాటా ఎంతో అదే వారంలో డెబిట్ నోటుగా పంపి, చివరి వాయిదాలో ఆపిన డబ్బు నుంచి సర్దుకోండి. జమ చేసిన సొమ్మును కొనుగోళ్ల ఖాతాలో కలపకుండా విడిగా చూపమని మీ ఆడిటరుకు ముందే చెప్పండి. కేసు ముగిశాక అది తిరిగి వస్తే, ఏ కంటైనరు తాలూకు డబ్బో, అందులో తోడల్లుడి వాటా ఎంతో, మొదటి మెట్టులో రాసుకున్న ఒప్పంద పత్రం చూసి పంచుకోవచ్చు.